కాలినొప్పి – వైద్యపు బిల్లు
(గోల్‌మురిలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇంతకుమునుపే ఈ వేదికమీద పంచాంగ శ్రవణము జరిగినది. ఏ రాశివారికి ఆదాయమెంతయో, వ్యయమెంతయో సిద్ధాంతిగారు చదివి వినిపించిరి. నా రాశికి ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వచ్చినది. ప్రక్కనున్న మిత్రుడు నా చెవిలో, "ఆ పదునాలుగులో మందుల ఖర్చు ఎంత?" అని అడిగెను. పంచాంగములో ఆ గడి లేదు. ఆ గడిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. పాటలకును పులిహోరకును నడుమ ఈ బిల్లుల గోల యేమని పిల్లలు విసుగుకొనవచ్చును. వారిని ఆడుకొననిండు. పెద్దలు వినిన చాలును.

నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో బిల్లులు పరిశీలించి, ఎఱ్ఱసిరాతో అభ్యంతరములు వ్రాసి బ్రదికినవాడను. ఈ గోల్‌మురిలో మన ఇరుగు పొరుగువారిలో ఎక్కువమంది కర్మాగారములవారు. 1920లో తగరపురేకుల కంపెనీ ఇచ్చట వెలసిన నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల మనవారు అనేకులు పనికై ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిరి. ఆ కంపెనీయే 2024లో టాటా స్టీలులో విలీనమైనది. కర్మాగారములవారికి కంపెనీ ఆసుపత్రి యున్నది, కొందఱికి ఇ.ఎస్.ఐ. యున్నది. చీటి చూపి వైద్యము పొంది వత్తురు. మన సంగతి వేఱు. మనము ముందు చేతిసొమ్ము పెట్టి, తరువాత కాగితములు పెట్టి, అటుపిమ్మట ఎదురుచూచువారము. కావున మన వైద్యములో సగము కాగితములోనే యున్నది. ఆ కాగితములో ఒక్క మాట తప్పినచో ఏమగునో నాకు ఒక కాలినొప్పి నేర్పినది.

2006వ సంవత్సరము. నేను పనిచేయుచున్న కార్యాలయము పేరు చెప్పను. తప్పు నాది, కార్యాలయమునది కాదు. అక్కడ మన జిల్లావాడే ఒక బంట్రోతు ఉండెడివాడు. నలుబది దాటినవాడు. ఫైళ్ల కట్టలు మోయుట అతని పని. ఒకనాటి ఉదయము నా బల్లయొద్దకు వచ్చి, కూర్చుండమనినను కూర్చుండక నిలువబడియే ఇట్లనెను:

"గురువుగారూ, ఎడం తుంటికాడ్నించి మడమదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమని లాగేస్తంది. దగ్గినా తుమ్మినా పేనం పోతంది. బొటనేలు కాడ మొద్దుబారిపోనాది. రాత్రి పడుకోనేకపోతన్నాను."

ఈ నాలుగు వాక్యములను మీరు గుర్తుంచుకొనుడు. ఒక నరముల వైద్యుడు వినియున్నచో అతనికి కావలసినది ఇందులో ముప్పాతిక యున్నది. కాని అతడు ఆసుపత్రిలో వైద్యుని యెదుట చెప్పినది ఈ మాట కాదు. మనము ఇచ్చట వైద్యునితో హిందీలో మాటలాడవలెను గదా! అతనికి వచ్చిన హిందీలో అతడు చెప్పినది, "పైర్ మే దర్ద్ హై" అని మాత్రమే. వెనుక ఎనుబదిమంది వరుసలో నున్నారు. వైద్యుడు చీటిపై "ఎడమ కాలి నొప్పి" అని వ్రాసి, మాత్రలిచ్చి పంపెను.

మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నవో చూడుడు. సలుపు, పోటు, గుంజు, పీకు, మంట, తిమ్మిరి, మొద్దు, చీమలు పాకినట్లుండుట, సూదులు గ్రుచ్చినట్లుండుట. మన అవ్వలు ఏ పేరు చెప్పిన ఏ మందు నూఱవలెనో ఎఱిగినవారు. ఇన్ని పేర్లు గల జాతి పరభాషలో నోరు విప్పునప్పటికి దర్దు ఒక్కటే మిగులుచున్నది. మీరు ఈ మూడు మాటలు కంఠస్థము చేయుడు: తిమ్మిరిని ఇక్కడివారు ఝున్‌ఝునీ అందురు, స్పర్శ తెలియకుండ మొద్దుబారుటను సున్న్ అందురు, మంటను జలన్ అందురు. ఈ మూడింటిలో ఏది చెప్పినను వైద్యుడు తలయెత్తి చూచును. అవి కండరముల మాటలు కావు, నరముల మాటలు.

మూడు వారములు మాత్రలు మ్రింగినను నొప్పి తగ్గలేదు. ఈసారి వైద్యుడు కాలెత్తించి చూచి, నడుమునకు ఎమ్.ఆర్.ఐ. తీయింపుమని వేఱొక చీటి వ్రాసెను. అతడు అప్పుచేసి తీయించెను. బిల్లు నా బల్లమీదికి వచ్చినది. బిల్లుతోడి ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టులో రోగము పేరుండవలసిన చోట, మొదటి చీటిని చూచి ఎవరో నింపిన మాట: ఎడమ కాలి నొప్పి. జతచేసిన రసీదు: నడుము ఎమ్.ఆర్.ఐ. నేను ఎఱ్ఱసిరా తీసి, "రోగము కాలికి, పరీక్ష నడుమునకు. సంబంధము తెలుపబడలేదు. త్రిప్పి పంపడమైనది" అని వ్రాసితిని. ఆ సాయంకాలము ఇంటికి పోవుచు, ప్రభుత్వ ధనము కాపాడితినని కొంత సంతోషించితిని కూడ.

ఆ బిల్లు కథ మరల చెప్పెదను. అంతకుముందు, నడుమునకును కాలికిని గల సంబంధము చెప్పవలెను. నాకు అది తరువాత ఒక వైద్యమిత్రుడు కాగితముమీద గీచి చూపెను. ఆ బొమ్మను నేను ఉద్యోగ విరమణ చేయువఱకు నా బల్లమీది అద్దము క్రింద ఉంచుకొంటిని.

వెన్నుపూసలలో నడుము భాగమున క్రిందినుండి వెలువడు నరపు వేళ్లు కొన్ని కలిసి ఒక త్రాడగును. మన శరీరములో దానికంటె లావైన నరము లేదు. ఇంచుమించు చిటికెనవ్రేలి లావుండును. అది పిఱుదు వెనుకగా దిగి, తొడ వెనుకనుండి మోకాలి వెనుకకు వచ్చి, చీలి, పాదమువఱకు పోవును. పూసల నడుమ మెత్తని బిళ్లలుండును, వానినే డిస్కులందురు. ఒక డిస్కు వెనుకకు ఉబ్బి నరపు వేరును ఒత్తినచో, ఒత్తిడి నడుములో, ఏడ్పు కాలిలో. మీట ఒక గదిలో, దీపము వేఱొక గదిలో ఉన్నట్లు. దీపము వెలుగకున్న మీట చూచినవానిని ఎవరైన తప్పుపట్టుదురా? నేను తప్పుపట్టితిని.

ఈ బాధను మన ఆయుర్వేదము గృధ్రసి యన్నది. గృధ్రమనగా గ్రద్ద. రోగి నడక ఆ పక్షి నడకవలె ఉండునని పేరు వచ్చినదని చెప్పుదురు. కాలు పైకెత్తుటకు ఈ వ్యాధి అడ్డుపడునని సుశ్రుతసంహితలో కలదు. ఇటలీ దేశమున డొమెనికో కొటున్యో అను వైద్యుడు 1764లో ఈ తుంటినొప్పిని గూర్చి ప్రత్యేకముగా గ్రంథము వ్రాసి, కీలునకు సంబంధించిన నొప్పి వేఱు, నరమునకు సంబంధించిన నొప్పి వేఱు అని విడదీసెను. 1880లో సెర్బియా దేశపు వైద్యుడును కథారచయితయు నైన లాజా లాజరేవిచ్, రోగిని వెల్లకిల పరుండబెట్టి కాలు నిటారుగా ఎత్తించు పరీక్షను వివరించెను. ఫ్రాన్సులో లసేగ్ అను పండితుని శిష్యుడు మరుసటి యేడు దానినే వ్రాసినందున అది లసేగ్ పరీక్షగా లోకమున ప్రసిద్ధమైనది. పేరు ఒకరికి, పని ఒకరికి దక్కుట మన కార్యాలయములలో మాత్రమే కాదన్నమాట. డిస్కు ఉబ్బి నరమును ఒత్తుటయే చాలమందిలో కారణమని అమెరికాలో మిక్స్టర్, బార్ అనువారు 1934లో ప్రకటించిరి.

ఇప్పుడు వైద్యుడు పరీక్షించు విధము కొంచెము చెప్పెదను. ఏ పరీక్ష ఎందులకో ఎఱిగినవాడే దాని రసీదును కాపాడుకొనును గదా. మొదటిది, మీరు చెప్పు కథ. రెండవది, బల్లమీది పరీక్ష. కాలు నిటారుగా ఎత్తునప్పుడు ముప్పది మొదలు డెబ్బది డిగ్రీల నడుమ మోకాలు దాటి క్రిందికి జివ్వున లాగినచో నరపు వేరుపై అనుమానము. మడమలమీద నడువలేనివానికి ఒక వేరు, మునివ్రేళ్లమీద నడువలేనివానికి వేఱొక వేరు దెబ్బతినియుండవచ్చును. మోకాటిమీదను, చీలమండ వెనుకను చిన్నసుత్తితో తట్టి చూతురు. ఇందులకు యంత్రము అక్కఱలేదు, విద్యుత్తు అక్కఱలేదు.

ఎమ్.ఆర్.ఐ. అన్నింటికిని మొదట తీయింపవలసినది కాదు. ఈ నొప్పి చాలమందికి కొన్ని వారములలో తనంతట తగ్గుముఖము పట్టును. పైగా బొమ్మలో కనబడినదెల్ల రోగము కాదు. 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందికి ఎమ్.ఆర్.ఐ. తీయగా, డిస్కులన్నియు సహజముగా నున్నవారు నూటికి ముప్పదియాఱుగురు మాత్రమే. కనుక నొప్పిలేనివాని బొమ్మలో కూడ ఉబ్బు కనబడును. కథయు, బల్లమీది పరీక్షయు, బొమ్మయు ఒక్క మాట చెప్పినప్పుడే దానికి విలువ.

నరముల విద్యుత్పరీక్షలు రెండు. ఒకటి నరములో ప్రేరణ ఎంత వేగముగా పోవుచున్నదో కొలుచుట; దానిని ఎన్.సి.వి. అందురు. రెండవది కండరములో సన్నని సూది గ్రుచ్చి దాని విద్యుత్తును చూచుట, అది ఇ.ఎమ్.జి. నొప్పి వచ్చిన మరునాడే ఈ సూదిపరీక్ష చేయించినచో ఏమియు తేలకపోవచ్చును. కాలి కండరములలో మార్పు కనబడుటకు సుమారు మూడు వారములు పట్టును. తొందరపడి చేయించి, "ఏమియు లేదు" అని వ్రాయించుకొని, నెల తరువాత మరల చేయించినచో రెండవ బిల్లు చూచువాడు ఎఱ్ఱసిరా తీయును. అతని దోషము లేదు.

కాలిలో నరముల బాధయెల్ల నడుమునుండియే రాదు. మధుమేహము గలవారికి రెండు పాదములును, మేజోళ్లు తొడిగినంత మేర, మంటయు తిమ్మిరియు కలుగును. నడచినంతసేపు పిక్క పట్టి, ఊరక నిలుచున్నంతనే తగ్గినచో రక్తనాళములను అనుమానింపవలెను. నిలుచున్నను తగ్గక, కూర్చున్నప్పుడో ముందుకు వంగినప్పుడో తగ్గినచో వెన్నుగొట్టము ఇరుకైనదని తలంతురు. ఈ తేడాలు వైద్యుడు మిమ్ములను అడుగవలసినవి. ఆయన అడుగకున్న మీరు చెప్పుడు.

ఇక పేర్లను అంకెలుగా మార్చు విద్యకు వత్తము. ఇది మన పిల్లలలో అనేకులకు నేడు జీవనోపాధియైనది. హైదరాబాదులో వందలకొలది, కాదు, వేలకొలది తెలుగు యువతీయువకులు రాత్రింబవళ్లు అమెరికా రోగుల చీటీలు చదివి, ప్రతి రోగమునకు ఒక సంకేతము, ప్రతి పరీక్షకు ఒక సంకేతము వేయుచున్నారు. దానిని మెడికల్ కోడింగు అందురు. గోల్‌మురినుండి కూడ పిల్లలు ఆ పనికి పోవుచున్నారని మీకు తెలియును. తండ్రి జంషెడ్‌పురములో తన కాలినొప్పి బిల్లుకు తిరుగుచుండగా, కూతురు హైదరాబాదులో కూర్చుండి టెక్సాసులోని ఎవరి కాలినొప్పికో సంకేతము వేయుచుండవచ్చును.

ఈ అంకెల విద్య పుట్టినది బిల్లులకొఱకు కాదు, మరణముల లెక్కకొఱకు. ఇంగ్లండులో విలియం ఫార్ అనువాడు పందొమ్మిదవ శతాబ్దమున జననమరణముల కార్యాలయములో పనిచేయుచు, ఒకే రోగమునకు ఊరూర వేఱు పేర్లుండిన లెక్క తేలదని మొఱపెట్టెను. 1893లో జాక్ బెర్టియోన్ అను ఫ్రెంచి గణకుడు మరణకారణముల జాబితా నొకదానిని అంతర్జాతీయ సభలో సమర్పించెను. 1948లో ఆఱవ కూర్పుతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు వచ్చినది. అప్పుడే జీవించియున్నవారి రోగములు కూడ అందులో చేరినవి. పదవ కూర్పును 1990లో ఆమోదించిరి. పదునొకండవది 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినను, చాలచోట్ల పని ఇంకను పదవదానితోనే నడచుచున్నది.

ఆ పదవ కూర్పులో మన కాలినొప్పి ఎక్కడెక్కడ నివసించునో చూడుడు. ఉత్త కాలినొప్పి యనిన ఎం 79.6. తుంటినరపు నొప్పి యనిన ఎం 54.3. అదే నడుమునొప్పితో కూడియున్నచో ఎం 54.4. నరపు వేరు దెబ్బతినినదని మాత్రము తెలిసినచో ఎం 54.1. డిస్కు కారణమని తేలినచో ఎం 51.1. నరము నడుములో గాక తుంటి దిగువనే దెబ్బతినియున్నచో వీథియే మాఱిపోవును, జి 57.0. మధుమేహము వలన యైనచో ఇ 11.4 అని మధుమేహము ఇంటికే పోవును. డిస్కు వలన అని తేలిన పిదప ఎం 54.3 వేయరాదని ఆ గ్రంథములోనే నిషేధము వ్రాసియున్నది. అమెరికావారి కూర్పు ఇంకను సూక్ష్మమైనది. 2015 అక్టోబరు 1వ తేదీనుండి వారు కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి సంకేతము వేయుచున్నారు. ఎన్.సి.వి.లో ఎన్ని పరీక్షలు చేసిరో లెక్కబెట్టి, 95907 మొదలు 95913 వఱకు ఏడు మెట్లు కట్టిరి. ఒకటి రెండు చేసినచో మొదటి మెట్టు, పదుమూడో అంతకు మించియో చేసినచో చివరిది. సూదిపరీక్షకు వేఱు సంకేతము. ఎన్ని పరీక్షలు చేసిరో వైద్యుడు వ్రాయకున్న, చేసిన పనికి కూడ సొమ్ము రాదు.

వారి నియమములలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి గలదు. ఆసుపత్రిలో చేరని రోగి విషయమున వైద్యుడు "కావచ్చును", "అనుమానము" అని వ్రాసినంతకాలము, అనుమానించిన రోగమునకు సంకేతము వేయరాదు. కనబడిన లక్షణమునకే వేయవలెను. తెలిసినంతయే చెప్పుము, తెలియనిది తెలిసినట్లు వ్రాయకుము అని దాని యర్థము. మన కార్యాలయములలోని వ్రాతలకు కూడ ఈ నియమము పెట్టిన ఫైళ్లు సగము పలుచనగును.

మనకు వర్తించునవి 1944 నాటి వైద్య పరిచర్య నియమములు, మనమందఱమును సి.ఎస్.ఎమ్.ఏ. రూల్సు అని పిలుచునవి. 1954లో ఢిల్లీలో ఆరంభమైన సి.జి.హెచ్.ఎస్. ఉన్న ఊళ్లలో ఉద్యోగులకు కార్డు ఉండును. అది లేని ఊళ్లలోనివారు అధికృత వైద్యుని, అనగా ఏ.ఎం.ఏ.ను చూపించుకొని, బిల్లు పెట్టవలెను. ఆసుపత్రిలో చేరనివారికి ఏ సర్టిఫికెట్టు, చేరినవారికి బి సర్టిఫికెట్టు. దానితో దరఖాస్తు, చీటీలు, రసీదులు. చెల్లింపునకు ధరల పట్టిక యున్నది. మీరు ఎంత ఇచ్చితిరో అది కాదు, పట్టికలో ఎంత యున్నదో అది వచ్చును. గడువు దాటనీయకుడు. ఇవి మీకు తెలిసినవే, త్వరగా దాటిపోవుచున్నాను.

మీకు తెలియనిది, బల్లకు ఇవతల కూర్చున్నవాడు చూచునది ఏమనగా: అతడు రోగిని చూడడు, కాగితముల నడుమ త్రోవను చూచును. రోగము పేరునుండి పరీక్షకు త్రోవ యున్నదా? పరీక్షనుండి మందునకు త్రోవ యున్నదా? "ఎడమ కాలి నొప్పి" నుండి "నడుము ఎమ్.ఆర్.ఐ."కి త్రోవ లేదు. "ఎడమ కాలిలోనికి దిగు నరపు నొప్పి, నడుమున నరపు వేరు ఒత్తిడి యని అనుమానము, మూడు వారముల మందులకు తగ్గలేదు, కావున నడుము ఎమ్.ఆర్.ఐ." అనినచో నలుగురు నడువదగిన బాట యున్నది. ఇది వ్రాయుటకు వైద్యునికి అరనిమిషము చాలును. సర్టిఫికెట్టు నింపు గుమాస్తా పాత చీటి చూచి నింపకుండ, చివరి చీటి చూచి నింపునట్లు మీరు చూచుకొనవలెను. కుడియెడమలు అన్ని కాగితములలో ఒకటిగా నున్నవో లేదో ఇంటిలోనే చూచుకొనుడు. ఒక బిల్లులో చీటి కుడికాలికి, రసీదు ఎడమకాలికి ఉండుట నేను చూచితిని. రోగిని పిలిచి అడిగితిని. ఆయన రెండు కాళ్లును చూచుకొని, "రెండూ నొప్పే గదండీ" అనెను.

ఇక్కడ ఒక మాట కఠినముగా చెప్పవలసియున్నది. ఈ సంగతి తెలిసిన పిదప కొందఱు వైద్యుని బ్రతిమాలి పెద్ద పేరు వ్రాయించుకొనుటకు చూతురు. "డిస్కు అని వ్రాసేయండి డాక్టరుగారూ, బిల్లు పాసవుతుంది" అని. అది చేయకుడు. లేని రోగము వ్రాయించి సొమ్ము తీసికొనుట కేసగును. 1964 నాటి ప్రవర్తన నియమావళి క్రింద ఉద్యోగమునకే ముప్పు. అంతకంటె, ఆ పేరు మీ కాగితములలో నిలిచిపోవును. పదియేండ్ల తరువాత నిజముగా కాలు పడిపోయిననాడు క్రొత్త వైద్యుడు పాత ఫైలు చూచి, ఇది పాత డిస్కే గదా యని తలంచును. నేను మిమ్ములను కోరునది పేరు పెంచుడని కాదు, మీరు నోటితో చెప్పినది కాగితములోనికి వచ్చినదా చూడుడని.

బంట్రోతు సంగతి సగములో విడిచితిని.

త్రిప్పి పంపిన బిల్లు పట్టుకొని అతడు మరల ఆసుపత్రికి పోయెను. ఆ వైద్యునికి బదిలీ యైనది. క్రొత్తగా వచ్చిన ఆయన, తాను వ్రాయని చీటిపై సంతకము చేయననెను. అదియు న్యాయమే. నెల గడచినది. ఎమ్.ఆర్.ఐ. చూచిన వైద్యుడు రాంచీలో నరముల నిపుణునికి వెంటనే చూపుమని చెప్పియుండెను. ఆ మాట నాకు తెలియదు. బిల్లులో ఆ కాగితము లేదు. అతడు నాతో చెప్పనులేదు. మొదటి అప్పు తీరనిదే రెండవ అప్పు పుట్టదు గనుక, బిల్లు సొమ్ము వచ్చిన తరువాత పోవుదమని ఆగెను. నొప్పి కూడ తగ్గుచు వచ్చినది. తగ్గుచున్నదని నాతో సంతోషముగా చెప్పెను. నేనును సంతోషించితిని.

ఒకనాడు వరండాలో అతడు నడచుచుండగా ఎడమకాలి చెప్పు జాఱిపోయినది. వంగి తొడుగుకొనెను. నాలుగడుగులకు మరల జాఱినది. "ఏమిరా?" అనిన, "వేళ్లు పైకి లేవడం లేదు గురువుగారూ" అని నవ్వెను. నొప్పి తగ్గినది బాగగుట వలన కాదు, నరము చచ్చుట వలన. ఆ నాటికి నేను బిల్లు త్రిప్పి పంపి పదునొకండు వారములు.

ఆ దినముననే నేను వైద్యమిత్రుని యొద్దకు పోయితిని. ఆయన బొమ్మ గీచినది అప్పుడు. ఆయనయే చెప్పెను: పాదము ఎత్తలేకపోవుట, మలమూత్రములపై పట్టు తప్పుట లేక మూత్రము బిగిసిపోవుట, కూర్చుండుచోట స్పర్శ తెలియకపోవుట, రెండుకాళ్లును ఒక్కసారి బలహీనమగుట, వీనిలో ఏది కనబడినను అది గంటలతో లెక్కింపవలసిన ఆపద, బిల్లుకొఱకు ఆగరాదు, సెలవు చీటికొఱకు ఆగరాదు. అమ్మలారా, ఇది ముఖ్యముగా మీకు చెప్పుచున్నాను. మగవారు మూత్రము సంగతి సిగ్గుపడి చెప్పరు. అత్యవసరములో దగ్గఱనున్న ఆసుపత్రికి పోయినను బిల్లు పెట్టుకొనుటకు నియమములలో చోటు గలదు. అత్యవసరమని ఆసుపత్రివారిచేత వ్రాయించుకొనుట మఱువకుడు.

రాంచీకి తీసికొనిపోయితిమి. శస్త్రచికిత్స జరిగినది. పాత కాగితములన్నియు చూచి ఆ నిపుణుడే సర్టిఫికెట్టు వ్రాసి యిచ్చెను. ఒక్క వాక్యము: నడుమున డిస్కు ఒత్తిడివలన ఎడమ నరపు వేరు దెబ్బతినుట, పాదము వ్రాలుట. రెండు బిల్లులును ఒక్క వారములో పాసైనవి, పాసుచేసినది నేనే. నిపుణుడు ముందే వచ్చియున్న పాదము నిలిచెడిదా యని అడిగితిని. నిలువవచ్చును, నిలువకపోవచ్చును, ఎవరును చెప్పలేరని ఆయన అనెను. ఆ ప్రశ్నకు అంతకంటె సమాధానము నాకు దొరకలేదు. అతడు ఉద్యోగమున్నంతకాలము వెనుక పట్టీ గల చెప్పులే తొడిగెను. నన్ను ఒక్కమాట అనలేదు. ప్రతి ఉగాదికి ఇంటినుండి పచ్చడి గిన్నె తెచ్చియిచ్చెడివాడు.

ఆ తరువాత నేను బిల్లు త్రిప్పవలసివచ్చినప్పుడు రెండు పనులు చేసితిని. అభ్యంతరములన్నియు ఒక్కసారియే వ్రాసితిని. వారమునకొకటి చొప్పున వ్రాయలేదు. ఏ మాట కావలెనో వైద్యునికే ఒక చీటి వ్రాసి, దానిని రోగి చేతికిచ్చి పంపితిని. ఈ సభలో ఇప్పటికిని బిల్లుల బల్లమీద కూర్చున్న తమ్ముళ్లు నలుగురైదుగురున్నారు. ప్రభుత్వ ధనము కాపాడుడు, తప్పక కాపాడుడు. త్రిప్పి పంపుటకు ముందు మాత్రము ఆ మనిషిని పిలిచి, కూర్చుండమని, ఎక్కడ నొప్పియో తెలుగులో చెప్పుమనుడు.

సిద్ధాంతిగారు గడియారము చూచుచున్నారు. ఒక్క మాట చెప్పి దిగెదను. వచ్చే ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి నేను మన సంఘము గదిలో కూర్చుందును. నిలిచిపోయిన వైద్యపు బిల్లులున్నవారు తీసికొనిరండు. చీటీలు తేదీల వరుసలో పేర్చి, అసలుతోపాటు ఒక నకలు కూడ తెండు. హిందీలో నొప్పి చెప్పుకొనలేని అమ్మలెవరైన ఉన్నచో వారును రావచ్చును. వారు తెలుగులో చెప్పునది నేను హిందీలో వ్రాసి యిచ్చెదను, వైద్యునికి చూపుకొనవచ్చును.